మరాఠీ మూలం, తెలుగు కన్నీళ్ళు

"పాత టీవీ సీరియల్‌ను సినిమాగా తీయడమంటే చద్దన్నానికి తాలింపు పెట్టడం కాదు! జాతి జ్ఞాపకానికి రెండున్నర గంటల్లో పట్టాభిషేకం చేయడం!"

నిజామాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో, నిన్నటి పెళ్ళివాళ్ళు విప్పకుండా వదిలేసిన పూలదండల కింద నిలబడి భానుప్రసాద్ ఈ మాట అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయనకే ఆశ్చర్యమేసింది. పొద్దున ఇంట్లో అద్దం ముందు ఇదే మాట అంటే భార్య జ్యోతిరాణి "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి, సూడరాదు" అని మాత్రమే అంది.

సభ ఎజెండా ఒక్కటే: 'పాత టీవీ సీరియళ్ళు మంచి సినిమాలు అవుతాయా, అవవా?' నిర్వహణ 'బోధన్ ప్రాంత బుల్లితెర వారసత్వ పరిరక్షణ సమితి'. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ భానుప్రసాదే. పని పదిమందికి పంచితే పలచబడుతుందని ఆయన సిద్ధాంతం.

సమితి పరిరక్షిస్తున్న వారసత్వం కూడా ఒక్కటే. దాని పేరు 'చెరుకుతోట కోడలు'. ముప్పై అయిదేళ్ళ కిందట బోధన్ అవతల భానుప్రసాద్ వాళ్ళ ఊళ్ళో నర్సన్న అనే ఆయన దుబాయ్ నుంచి టీవీ తెచ్చాడు. ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి హైదరాబాద్ వైపు తిప్పితే తెర నిండా చీమలు కనిపించాయి. మహారాష్ట్ర వైపు తిప్పితే మనుషులు కనిపించారు. ఎవరికైనా చీమలకంటే మనుషులే నయం కదా! అలా ఊరు ఊరంతా ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నరకు మరాఠీ సీరియల్‌కు అంకితమైపోయింది. తెల్లటోపీ మామ, గోచీ పోసి చీర కట్టిన అత్త, ఏడుపు ముఖం కోడలు, వెనక చెరుకుతోట. నర్సన్న భార్య తారాబాయి టీవీ పక్కన పీట వేసుకొని, వాళ్ళు మరాఠీలో అన్న ప్రతి మాటనూ అన్నది అన్నట్టు తెలుగులో చెప్పేది. కోడలి కష్టాలు విని ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. మగవాళ్ళు బీడీ పొగ కళ్ళలో పడిందనేవారు.

మీకు మరాఠీ రాకనా తారాబాయి చెప్పడం అని ఆ ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి, కొట్టడానికి వస్తారు! మంజీర దాటితే మహారాష్ట్ర. మరాఠీ రాదంటే బోధన్ పరువేం కావాలి? "మాకెందుకు రాదు? పోరలకు సమజ్ కావాలెనని తారాబాయి చెప్తది" అన్నది ఊరి ఉమ్మడి ప్రకటన. పోరలు ఆ టైముకు బయట గోలీలాడుకుంటూ ఉండేవారు.

అందరికంటే ఎక్కువ మరాఠీ భానుప్రసాద్‌కు రావాలి. ఎందుకంటే ఆయన చక్కెర ఫ్యాక్టరీలో మరాఠీ గుమస్తా. అవతలి నుంచి చెరుకు కొట్టడానికి వచ్చే కూలీల ముకద్దంతో, అంటే వాళ్ళ మేస్త్రీతో, మాట్లాడటం ఆయన ఉద్యోగం. ముకద్దం ఉర్దూలో మాట్లాడేవాడు, ఈయన మరాఠీ విన్నంత గంభీరంగా తలూపేవాడు. ఉద్యోగమంతా అలా సాఫీగా నడిచిపోయింది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. భానుప్రసాద్ మాత్రం బోధన్ బస్టాండులో, కిరాణా కొట్టులో, చివరికి సెలూన్‌లో కూడా ఇప్పటికీ 'మరాఠీ సారే'. ఆ రెండు మాటలూ పోతే ఆయనకు మిగిలేది మోకాలి నొప్పి. అందుకే ఆ సీరియల్ మీద పేపర్లలో పదకొండు వ్యాసాలు రాసి, ఆ రెండు మాటలకూ నీళ్ళు పోసి బతికించుకుంటున్నాడు.

ఆ వ్యాసాలు చదివి అంకిత అనే అమ్మాయి ఏడ్చింది. ఆమెది వేల్పూర్, ఉండేది హైదరాబాద్, చేసేది సినిమా డైరెక్షన్. 'చెరుకుతోట కోడలు'ను సినిమాగా తీస్తాననీ, తెర మీద 'మరాఠీ మూల పరిశోధన: భానుప్రసాద్' అని వేస్తాననీ మాటిచ్చింది. ఆ అక్షరాలు ఎంత లావుండాలో ఆయన స్కేలు పెట్టి కొలిచి పంపాడు కూడా. ఆ అమ్మాయి కోసమే ఈ సభ.

చర్చ మొదలైంది. ఒకప్పటి చెరుకు రైతు, ఇప్పటి పసుపు వ్యాపారి భోజన్న లేచాడు.

"నలభై గురువారాల కతను రెండు గంటల్ల సూపెడితె ఏడుపెట్లొస్తది? ఒకసారి ఏడ్వాలె, వారం ఆగాలె, మళ్ళ ఏడ్వాలె. గట్లయితెనే అది సీరియలు. నా మాటేందంటే, ఇంటర్వెల్ వారం రోజులు పెట్టున్రి!"

సభ గంభీరంగా ఆలోచనలో పడింది. వారం రోజుల ఇంటర్వెల్‌కు థియేటర్ వాళ్ళు ఒప్పుకుంటారా అని ఒకరు, పాప్‌కార్న్ మెత్తబడుతుందేమో అని మరొకరు సందేహం వెలిబుచ్చారు.

ముందు వరుసలోంచి నాగవ్వ చెయ్యెత్తింది. డెబ్బై దాటినా ఒక్క గురువారం కూడా మరిచిపోని మనిషి. "నడుమ నడుమ కరెంటు పోవాలె బిడ్డా. కోడలు నోరు తెరువంగనే లైటు పొయ్యేటిది. ఏమన్నదో ఏమో అని వారమంత నాకు బువ్వ సయించకపొయ్యేటిది. కరెంటు పోకపోతె అది మన సీరియలే కాదు!"

రిటైర్డ్ టీచర్ దశరథం ఇంకో మెట్టు పైకెళ్ళాడు. "తెర మీద చీమలుండాలె. ఒగడు థియేటర్ కప్పెక్కి 'వచ్చిందా?' అని ఒర్రాలె. లోపటోళ్ళు 'రాలే, ఇంకింత తిప్పు' అనాలె!"

"సర్, సినిమా అంటే కొంచెం వేరే..." అని అంకిత ఏదో అనబోయింది.

"సినిమా ఎట్లన్న పోనీ బిడ్డా, సీరియలు కరాబు కావద్దు" అన్నాడు భోజన్న.

వెంటనే తీర్మానాలు రాశారు. ఒకటి: సినిమాలో నాలుగుకు తగ్గకుండా కరెంటు కోతలు ఉండవలెను. రెండు: తెరపై చీమలు సహజమైనవై ఉండవలెను, గ్రాఫిక్స్ చీమలు చెల్లవు. రెండూ ఏకగ్రీవం!

అప్పుడు అంకిత నవ్వుతూ మైకు అందుకుంది. "మీ అందరికీ ఒక సర్‌ప్రైజ్. సీరియల్‌లో టోపీ మామగా చేసినాయన కొడుకు నాందేడ్‌లో ఉన్నాడు. ఆయన దాచుకున్న క్యాసెట్ ఒకటి నిన్ననే నా చేతికొచ్చింది. ఒక్క భాగమే ఉంది. ఇప్పుడే వేస్తున్నం. నాకు మరాఠీ రాదు, కింద అక్షరాలు కూడ లేవు. అయితే ఏముంది, మన మరాఠీ సారున్నరు కద!"

హాలంతా భానుప్రసాద్ వైపు తిరిగింది. ఆయన మోకాలి నొప్పి వచ్చిందందామనుకున్నాడు. కానీ అనువాదం మోకాలితో చేసేది కాదని ఎవరైనా అంటారని భయపడ్డాడు. ఈలోగా దీపాలార్పేశారు.

తెర మీద తెల్లటోపీ మామ కనిపించాడు. హాలు హాలంతా "వచ్చిండు, వచ్చిండు!" అంది. మామ ఒక చెరుకుగడ తీసుకొని కత్తితో నిలువునా చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది. దాన్ని అత్తకు చూపిస్తూ ఏదో అన్నాడు.

భానుప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. చెవుల్లో తారాబాయి పాత గొంతు వినిపించింది. అంతే, అందుకున్నాడు.

"'నా గుండె గిట్ల చీలిపోయింది, సూడు' అంటుండు మామ!"

ముందు వరుసలో ఒక ముక్కు చీదిన చప్పుడు. మామ తోటలోంచి ఒక చెరుకు దుబ్బును వేళ్ళతో సహా పీకి మంటలో వేశాడు. "'పెండ్లప్పుడు నాటిన దుబ్బును గూడ ఉంచను. ఈ ఇంట్ల నీకు జాగ లేదు, పో' అంటుండు!" అత్త సలసల కాగుతున్న నీళ్ళ గంగాళం దగ్గర కూర్చుని ఏదో అడిగింది. "'పోయేదాన్ని తలకు పోసుకొనన్న పోనీ' అంటుంది. అత్త మనసు కరిగింది!" అంతలో తెర మీద అంకెల పట్టిక ఒకటి ప్రత్యక్షమైంది. భానుప్రసాద్ ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇది... కోడలి జాతకం!"

హాలు భోరుమంది. భోజన్న తువ్వాలు తడిసింది. అంకిత కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపులో ఒక్క నవ్వు మాత్రం తలుపు దగ్గర నుంచి వినిపించింది. చాయ్ పెట్టడానికి వచ్చిన గంగుబాయి, గ్లాసుల పళ్ళెం గోడకు ఆనించి మరీ నవ్వుతోంది.

"నీ నోట్ల మన్నువడ! మనుషులేడుస్తుంటె నవ్వుతవేందే?" అంది నాగవ్వ.

"కోడలేడున్నదవ్వా అండ్ల! నేను ధర్మాబాద్ పిల్లను, మా ఇంట్ల మాట్లాడేదే మరాఠీ. ఆయన చెరుకు తెగులు గురించి చెప్తుండు. లోపల ఎర్రగయితె అది ఎర్రకుళ్ళు తెగులట. ఆ దుబ్బు పీకి కాలవెట్టాలెనట. ఆ తోట గడను విత్తనానికి వాడద్దట. విత్తనపు ముక్కలను ముందుగల్ల వేడినీళ్ళల్ల ముంచాలెనట. ఆయమ్మ 'ఎంతసేపు ముంచాలె?' అని అడుగుతుంది. ఆ అంకెల పట్టిక దాని లెక్కనే. ఇది రైతుల ప్రోగ్రామవ్వా!"

దీపాలు వెలిగాయి. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. అందరూ కలిసి చూడటానికి ఒకే మనిషి దొరికింది. సన్మానం కోసం ముందు వరుసలో కూర్చోబెట్టిన తారాబాయి. ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"నన్నేం సూస్తరు? నేను పుట్టింది నందిపేట్ల. మా నాయన నాకు తారాబాయని పేరు వెట్టిండు, పేరుతోని మరాఠీ గూడ వెడ్తడా? కొత్తగ కాపురానికొస్తె అందరు 'బాయి గదా, నీకు మరాఠీ వస్తది' అన్నరు. రాదంటె ఏమనుకుంటరో అని ఊకున్న. టీవీ పక్కన కూసోవెట్టిన్రు. నోటికొచ్చింది చెప్పిన. నోటికేమొస్తది? మా అత్త నన్ను వెట్టిన బాధలే వచ్చినయి. మా అత్త గూడ ముందట్ల కూసోని 'ఆ అత్త చేతులు వడిపోను' అనుకుంట ఏడ్చేటిది. మీకందరికి మరాఠీ వస్తది గదా, తప్పయితె ఎవలన్న అంటరనుకున్న. ఎవ్వలు అనలే."

అందరికంటే ముందు భోజన్న తేరుకున్నాడు. వ్యాపారి కదా!

"నాకు అప్పుడే తెలుసు! ఎందుకులే అని ఊకున్న."

"నేనయితె మొదటి గురువారమే పసిగట్టిన" అన్నాడు దశరథం. "కొత్త కోడలు, బాధపడ్తదని అనలే."

"తెలుసు, తెలుసు!" అంది హాలు. ఇంకో రెండు నిమిషాల్లో అదొక తీర్మానమయ్యేదే. కానీ తారాబాయి భోజన్న ముందుకొచ్చి నిలబడింది.

"తెలుసా? మరి ఇది టీవీల వచ్చిన యేడు ఊరూరంత చెరుకు ఎర్రగ కుళ్ళిపాయె గద భోజన్నా. ఆ కుళ్ళిన తోటల గడనే మళ్ళ విత్తనానికెందుకు వెట్టిన్రు? తెలిసే వెట్టిన్రా?"

భోజన్న పూలదండల వైపు చూశాడు. దశరథం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అప్పటికే అవి రెండుసార్లు తుడిచినవి.

భానుప్రసాద్‌కు మాత్రం వాళ్ళ నాన్న, బాపు గుర్తొచ్చాడు. ఈ భాగం వచ్చిన గురువారం బాపు ఆయన పక్కనే కూర్చున్నాడు. తెర మీద గడ చీల్చగానే చెవి దగ్గర నోరు పెట్టి, "గడ ఎందుకు చీల్చి సూపెడుతుండు బిడ్డా? ఏమంటుండు?" అని అడిగాడు. ఊరంతా కోడలి కోసం ఏడుస్తుంటే ఆ ఒక్క మనిషే గడ గురించి అడిగాడు. ఫ్యాక్టరీలో మరాఠీ గుమస్తా అయిన కొడుకు "గుండె చీలింది అంటుండు బాపు" అని చెప్పాడు. ఆ మరుసటేడు బాపు కుళ్ళిపోయిన నాలుగెకరాల చెరుకూ దున్నేశాడు. మళ్ళీ ఎప్పుడూ చెరుకు నాటలేదు. భానుప్రసాద్‌కు సిగ్గేసింది. ఇక దాచుకోవడం తన వల్ల కాదనిపించింది.

మైకు తీసుకున్నాడు.

"నాకు మరాఠీ రాదు. అప్పుడు రాదు, ఇప్పుడు గూడ రాదు. ఒక్క ముక్క రాదు. మా బాపుకు అబద్ధం చెప్పిన. మీ అందరికీ చెప్పిన."

ఫ్యాక్టరీ మరాఠీ గుమస్తాకే మరాఠీ రాదంటే ఊళ్ళో ఇంకెవరికి వచ్చినట్టు? ఆ లెక్క అందరి బుర్రల్లోనూ ఒకేసారి తేలింది. భోజన్న గభాల్న లేచి చప్పట్లు కొట్టాడు.

"నిండుకుండ తొణకదంటె ఇదే! అంత చదువుకొని 'నాకేం రాదు' అంటుండు. ఎంత వినయం! సారుకు వస్తది. ఆయనకొస్తది గనుకనే మనకూ వస్తది!"

"వస్తది, వస్తది!" అంది హాలు. ఇంకెవరో పరుగెత్తుకొచ్చి ఆయనకు శాలువా కప్పేశారు. "నిజంగ రాదు" అని ఆయన మొత్తుకున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. మూడో తీర్మానం: భానుప్రసాద్ గారికి మరాఠీ వచ్చునని సభ నిర్ణయించడమైనది. వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది. అది ఆయనదే కాబట్టి వినయం కింద కొట్టేశారు.

అంకిత ముఖం వెలిగిపోతోంది. "ఎజెండాకు జవాబు దొరికింది సర్! ఉన్న సీరియల్‌ను సినిమా తీస్తే 'పాతదే మంచిగుండె' అని తిట్టేటోళ్ళు వెయ్యిమంది ఉంటరు. లేని సీరియల్‌తో పోల్చి ఎవడు తిడ్తడు? పక్కా హిట్టు!"

"కత నాది గద బిడ్డా, నా పేరు వేస్తవా?" అని అడిగింది తారాబాయి.

అంకిత ఏదో అనేలోపే భోజన్న అడ్డొచ్చాడు. "నీదంటె అది అత్తాకోడండ్ల కొట్లాట అయితది తారక్కా. మరాఠీదంటెనే ఇజ్జత్! మరాఠీ మూలమనే ఉండనియ్యి."

సభ భోజనాలకు లేచింది. తెర మీద క్యాసెట్ మళ్ళీ మొదటికొచ్చి ఆడుతోంది, ఎవరూ ఆపలేదు. ఖాళీ అయిన హాల్లో భానుప్రసాద్ శాలువా మడిచి పక్కన పెట్టి, గంగుబాయి దగ్గరికి ఒక కుర్చీ లాక్కున్నాడు.

"ఆయన ఏమంటుండో ఒక్కొక్క మాట నిదానంగ చెప్పు గంగుబాయీ. మా బాపు అడిగిండు."

గంగుబాయి ఎంగిలి గ్లాసులు కింద పెట్టి, తెర వైపు చూస్తూ మొదలుపెట్టింది. ఆమె మరాఠీలో ఒక మాట అనడం, తెలుగులో చెప్పడం. ఆయన చిన్నపిల్లాడిలా ఆ మాటను మళ్ళీ అనడం. బగార అన్నం పళ్ళెంతో తలుపు దాకా వచ్చిన భోజన్న అది చూసి ఆగిపోయాడు. వెనక వస్తున్న దశరథం మోచెయ్యి పట్టుకొని గొంతు తగ్గించి అన్నాడు.

"సప్పుడు జెయ్యకు. మరాఠీ సారు గంగుబాయి మరాఠీల తప్పులు దిద్దుతుండు."