గొడుగు పన్ను

ఆ రోజు పొద్దున్న మేనకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను తయారుచేసిన గొడుగుల స్టాండును దంతవైద్యుడైన మేనమామ క్లినిక్‌లో, రోగులు కూర్చునే గదిలో ఓ మూల పెట్టాలి. సాయంత్రం కాలేజీ నుంచి మాస్టారు వచ్చి, జనం దాన్ని వాడుతున్నారో లేదో చూసి మార్కులు వేస్తారు. గ్రాఫిక్ డిజైన్ చదివే ఆమె అంతవరకూ పోస్టర్లూ, పుస్తకాల అట్టలే తప్ప వస్తువంటూ చేసి ఎరగదు. అందుకని ప్రాణమంతా పెట్టి, నడుమెత్తు దవడపన్ను ఆకారంలో, తెల్లగా, నున్నగా, పైన పెద్ద గుంటతో పోతపోసింది.

"బాగుందే. కానీ బయట ఎండ మాడ్చేస్తోంది కదా, గొడుగెవరు తెస్తారు?" అన్నాడు మేనమామ.

"ఒకరిద్దరైనా తేకపోతారా మామయ్యా."

కాసేపటికి పన్ను పీకించుకున్న పెద్దమనిషి ఒకాయన చెంప పట్టుకుని బయటికొచ్చాడు. పళ్ల డాక్టరు దగ్గర తెల్లటి గుంట ఇంకెందుకుంటుంది? వంగి, తృప్తిగా ఉమ్మేసి వెళ్లాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ఉమ్మారు. మేనకోడలికి ఏడుపొక్కటే తక్కువ. స్టాండు కడిగి తుడిచి, తనకు చేతనైన విద్యను నమ్ముకుంది. పెద్ద అక్షరాలతో, ఎర్రటి బాణంతో ఓ నోటీసు తయారుచేసి గోడకంటించింది: "గొడుగు ఇక్కడ పెట్టి లోపలికి వెళ్లండి." అప్పుడు కుదుటపడి, భోజనానికి ఇంటికెళ్లింది.

కళ్లజోడు పెట్టుకున్న ఓ టీచరమ్మ ఆ నోటీసు రెండుసార్లు చదివింది.

"గొడుగు పెడితేగానీ లోపలికి పంపరట," అంది పక్కావిడతో.

"గొడుగెందుకండీ?"

"ఏమో. కుర్చీ మీది లైటు కళ్లల్లో పడకుండా పట్టుకుంటారేమో."

పక్కావిడ వెంటనే ఇంటికి ఫోన్ చేసి గొడుగు పంపమంది. "పంటికి ఫీజు, గొడుక్కి పన్నూనా," అని గొణుక్కుంటూ ఓ ముసలాయన గొడుగు కోసం ఇంటిదారి పట్టాడు. ఇదంతా చూసిన రిసెప్షనిస్టు, డాక్టరుగారు కొత్త రూలేదో పెట్టారనుకుంది. అడిగితే తనకు తెలియదన్న సంగతి బయటపడుతుందని అడగలేదు. మధ్యాహ్నం రావలసిన వాళ్లందరికీ తనే ఫోన్లు చేసింది. "గొడుగు మర్చిపోకండి. డాక్టరుగారు గట్టిగా చెప్పారు."

సాయంత్రం మేనకోడలు తిరిగొచ్చేసరికి స్టాండులో ఊపిరాడనన్ని గొడుగులున్నాయి. ఇంట్లో గొడుగు దొరకని ఒకాయన పళ్ల దుకాణం వాళ్ల పెద్ద గొడుగు అడిగి తెచ్చి, అందులో పట్టక గోడకు ఆనించాడు. ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. లోపలికి పరుగెత్తి, "నా స్టాండు నిండిపోయింది మామయ్యా," అంది.

పొద్దుటి నుంచీ లోపలిగది దాటని మేనమామ, "అయ్యో, వాన పడుతోందా?" అన్నాడు.

అంతలో మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. గొడుగులు చూసి తెల్లబోయారు. పళ్ల దుకాణం గొడుగాయన్ని అడిగారు, "ఈ స్టాండు మీకు వీలుగా ఉందాండీ?"

"స్టాండు సంగతి నాకు తెలీదు సార్. గొడుగు తేకపోతే పన్ను చూడరన్నారు, మోసుకొచ్చాను."

మేనకోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. మాస్టారు గోడ మీది నోటీసు చదివారు. మరోసారి చదివి, కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నోరారా నవ్వారు.

"వస్తువు తప్పిందమ్మా," అన్నారు చివరికి. "కానీ ఒక్క కాగితంతో ఇంత ఎండలో ఇంతమంది చేత గొడుగులు మోయించావు. ఇన్నేళ్లలో ఇంత పనిచేసిన పోస్టరు నేను చూడలేదు. మార్కులన్నీ దానికే వేస్తాను. నువ్వు హాయిగా బొమ్మలూ అక్షరాలే చూసుకో."

ఆమెకు గుండెల మీద బరువు దిగినట్టయింది. నవ్వు విని బయటికొచ్చి, ఆ తెరిచిన నోటిని వృత్తిరీత్యా జాగ్రత్తగా గమనించిన మేనమామ, "వెనక పన్నొకటి పుచ్చింది మాస్టారూ. లోపలికి రండి, ఇప్పుడే చూసేస్తా," అన్నాడు.

మాస్టారు లేచి తలుపు దాకా వెళ్లారు. రిసెప్షనిస్టు అడ్డంగా నిలబడి, మీ గొడుగేదని అడిగింది.