నెమలికంఠం రంగు సోఫా

పొద్దున్నే ఫోటోలు పంపాలి, బావగారి చేత సరే అనిపించుకోవాలి, మధ్యాహ్నానికల్లా ప్రెస్సుకిచ్చేసి కడుపునిండా తిని పడుకోవాలి. చిన్నకోడలు ఆ రోజుకు వేసుకున్న కార్యక్రమం ఇంతే. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఆ ఇంట్లో వంక పెట్టడానికి ఏదో ఒకటి ఉండి తీరాలని ఎవరూ ఎన్నడూ పట్టుబట్టలేదు.

ఆమె ఫోటోగ్రాఫరు. నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి ఇంటి ముందుగదిలో స్టూడియో పెట్టుకుంది. వెనకగదిలో గాలాడక ఉక్కిరిబిక్కిరవుతున్నానని అత్తగారు అదే ముందుగది మీద కన్నేశారు. ఇద్దరి మధ్యా నలిగిపోయిన భర్త చివరికో తీర్పు చెప్పాడు. అన్నయ్య సోఫాల షాపు కేటలాగు పని కుదిరితే గది పెళ్లానిది, కుదరకపోతే అమ్మది. తీర్పు చెప్పేసి హాయిగా ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లు మండింది. మండినా ఏం లాభం, గది నిలబెట్టుకోవాలి కదా.

కేటలాగు అట్టమీదికి ఎక్కాల్సింది నెమలికంఠం రంగు సోఫా. ఆ రంగుంది చూశారూ, అది నీలమూ కాదు, పచ్చా కాదు, రెంటికీ మధ్య నిలబడి చూసేవాళ్లని ఏడిపిస్తుంది. సోఫా గుడ్డముక్క ఒకటి తెచ్చి కిటికీ వెలుతురులో పెట్టుకుని, స్క్రీను మీద రంగు దానితో కలిసేదాకా ఆమె ఎడిట్ చేసింది. స్క్రీను రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం కూడా ఆమె దగ్గరుంది. ఒక ప్రింటు తీసి గుడ్డముక్క పక్కన పెట్టి చూసుకుంది. అచ్చుగుద్దినట్టుంది. అప్పుడు బావగారికి పంపింది.

పంపి కాఫీ కప్పు పట్టుకుందో లేదో ఫోను మోగింది.

"ఏంటమ్మాయ్ ఇది, సోఫా పంపమంటే స్విమ్మింగ్ పూల్ పంపావ్? నీలంగా మెరిసిపోతోంది. మనది పచ్చ కదా."

బావగారి ఫోను కొత్తది. రంగులన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని దాన్ని ముచ్చటపడి కొనుక్కున్నారు. అందులో టమాటా కూడా పెళ్లికి ముస్తాబైనట్టే ఉంటుంది. ఆ సంగతి చెప్పబోయి చిన్నకోడలు గదిని గుర్తు చేసుకుని నోరు మూసుకుంది. పళ్లు కొరుకుతూ నీలం తగ్గించి, పచ్చ పెంచి మళ్లీ పంపింది. నిక్షేపంలాంటి ఫోటోని ఒక ఫోను కోసం చేతులారా చెడగొట్టుకుంది. తప్పంతా ఇక్కడే జరిగింది.

బావగారికి అది నచ్చింది. నచ్చినవాడు ఊరుకోవచ్చు కదా? ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అభిప్రాయాలడిగారు. షాపు కంప్యూటర్లో చూసిన తోడికోడలు, సోఫాకి పాచిపట్టిందా ఏంటని అడిగింది. అత్తగారు తన ఫోను తెరను కళ్లకు హాయిగా ఉంటుందని ఎప్పుడూ పసుపు వెలుగులోనే పెట్టుకుంటారు. అందుకని ఆవిడకు అది మట్టిరంగులో కనిపించింది. అట్టమీద మట్టిరంగేమిటని నొచ్చుకున్నారు. భర్త ఆఫీసు పని మధ్యలో తెరిచి చూసి, బూడిదరంగు చాలా హుందాగా ఉందని మెచ్చుకున్నాడు. మిగతావాళ్ల మీద కంటే ఈ మెచ్చుకోలు మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

తోడికోడలి కోసం కాస్త వెలుగు పెంచింది. బావగారికి అది వెలిసిపోయినట్టు కనిపించింది. బావగారి కోసం ముదురు చేసింది. అత్తగారికి అది నల్లబడింది. ఒకరికి అతికిస్తే ఇంకొకరికి ఊడుతోంది. ఆ గ్రూపులో అందరూ ఒకే సోఫా గురించి మాట్లాడుతున్నారన్న నమ్మకం పోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. బావగారు ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టి చూసుకున్నారు. గుడ్డే రంగు వెలిసిపోతోందని తీర్మానించేసి, గుడ్డ సప్లై చేసే ఆయనకు ఫోన్ చేసి నాలుగు తిట్టారు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇకమీదట మీ షాపుకు జానెడు గుడ్డ కూడా రాదు పొమ్మన్నాడు. ఈలోగా తోడికోడలు ఆ ఫోటోల్లో ఒకదాన్ని షాపు పేజీలో పెట్టింది. ఎవరో ఒకాయన ఆ బూడిదరంగు సోఫా తనకే కావాలని, ఇంకెవరికీ ఇవ్వొద్దని పట్టుకూర్చున్నాడు. లోకంలో లేని సోఫాకు గిరాకీ వచ్చింది. తప్పెవరిదని బావగారు అడిగితే, గ్రూపులో అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. చిన్నకోడలిదేనట.

ఆమె బావగారికి ఫోన్ చేసి, గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. ప్రతి ఫోటోలోనూ, ఈ రంగుల్ని ఏ లెక్కన చదవాలో చెప్పే సమాచారం కాస్త ఉంటుంది. తన ఎడిటింగ్ ప్రోగ్రాము దాన్ని చదువుతుంది. కొన్ని ప్రోగ్రాములు చదవవు, తమకు తోచినట్టు చూపిస్తాయి. ఫోటోలు పంపే యాప్ ఒక్కోసారి దాన్ని దారిలోనే పీకి పారేస్తుంది. ఆపైన ఒక్కో స్క్రీనుది ఒక్కో బుద్ధి. ఇదంతా చెప్పేసరికి ఆమె గొంతు పెరిగిపోయింది.

బావగారు శాంతంగా విన్నారు.

"అంటే, సోఫా ఏ రంగో నీ ఫోటోకే తెలియదంటావ్."

ఆమె ఫోను కట్ చేసి సంచిలో పడేసింది. మొదట తీసిన ప్రింటు చంకలో పెట్టుకుని, తలుపు ధడాలున వేసి నేరుగా షాపుకెళ్లింది. దారిలో పలకరించిన పక్కింటావిడకు ఏం సమాధానం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మంచి మాటైతే కాదు.

షాపులో బావగారు సిద్ధంగా ఉన్నారు. ఫోను ఇక్కడ, కంప్యూటరు అక్కడ, గోడమీద టీవీ ఇంకో చోట. ఆ టీవీలో సోఫా ఏకంగా వంకాయరంగుకు తిరిగింది. ప్రింటును తీసుకుని సోఫా మీద పెట్టి, చూడమన్నట్టు చెయ్యి చాపారు. షాపు నిండా పసుపు దీపాలు. ఆ వెలుగులో సోఫా నిజంగానే పచ్చగా ఉంది. ప్రింటు కూడా పచ్చగానే ఉంది గానీ, వేరే పచ్చ.

"ఇప్పుడేమంటావమ్మా? సోఫా ఎదురుగానే ఉంది."

"దీన్ని బయటికి మోయించండి బావగారూ."

"సోఫానా?"

"సోఫానే. మీ దీపాల కింద నా మొహం కూడా పచ్చగానే ఉంది. ఎండలో చూద్దాం. అక్కడ కూడా నా ప్రింటు తప్పైతే, నా కెమెరాలు నేనే సర్దుకుని ఈ పూటే అత్తయ్యగారికి గది అప్పజెప్పేస్తాను."

ఆ మాటకు తోడికోడలు కూడా కుర్చీలోంచి లేచింది. పనివాళ్లు సోఫా ఎత్తారు. అది గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. లోపల ఉన్నవాళ్లు లోపల, బయట ఉన్నవాళ్లు బయట ఉండిపోయారు. తలుపు రెక్క ఊడదీస్తే గానీ కదల్లేదు. కాలిబాట మీద దింపేసరికి ఒక కారు ఆగింది, దాని వెనక ఇంకో నాలుగు ఆగి హారన్లు మోగించాయి. బావగారు చెమట తుడుచుకుంటూ మరదల్ని కొరకొరా చూశారు. ఆమె అంతకంటే కొరకొరా చూసింది.

తరువాత ఇద్దరూ సోఫా వైపు చూశారు.

ఎండలో అది నీలమూ కాదు, పచ్చా కాదు. నెమలి మెడ ఎలా నిగనిగలాడుతుందో అలా ఉంది. ప్రింటు పక్కన పెడితే ఏది గుడ్డో ఏది కాగితమో తెలియలేదు. బావగారు వంగి చూశారు, కళ్లజోడు తీసి చూశారు, మళ్లీ పెట్టుకుని చూశారు. గది దక్కినట్టే అనుకుందామె.

"నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నేనే పొరబడ్డాను," అన్నారాయన.

ఆ కుటుంబంలో ఆ మాట ఇంతకుముందు ఎవరూ విని ఉండరు. గుమ్మం దాకా వచ్చి వింటున్న తోడికోడలు వెళ్లి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

సరిగ్గా అప్పుడు, ఇందాక ఆగిన కారులోంచి ఒకావిడ దిగింది. హారన్ల గోలను పట్టించుకోకుండా సోఫా చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుని, గుడ్డను చేత్తో నిమిరి, ఇది మా ఇంటికి పంపించండని బేరం కూడా ఆడకుండా అడ్రసు చెప్పేసింది. దారిన పోయేవాడొకడు ఆగి, ఇలాంటిదే ఇంకోటుందా అన్నాడు. బావగారి మొహం విప్పారింది. లోపలున్న మిగతా సోఫాలన్నిటినీ బయటికి మొయ్యమని పనివాళ్లను కేకేశారు. తరువాత మరదలి వైపు తిరిగి, ఎన్నడూ లేనంత ఆప్యాయంగా ఆమె భుజం తట్టారు.

"నా కళ్లు తెరిపించావమ్మా. ఏ ఫోనులోనూ, ఏ టీవీలోనూ అసలు రంగు కనబడదని నువ్వెంత మొత్తుకున్నా నా తలకెక్కలేదు. ఇంకా కేటలాగెందుకు చెప్పు? ప్రెస్సువాడికి వద్దని చెప్పేస్తాను."

ఆమె ప్రింటు తీసుకుని మళ్లీ చంకలో పెట్టుకుంది. పొద్దుట్నుంచీ ఆమె చెప్పిన మాటే అది.

ఇంటికి నడుస్తుంటే భర్త ఫోను. అన్నయ్య ఒప్పుకున్నాడా అని ఆత్రంగా అడిగాడు.

"ఒప్పుకున్నారు," అంది చిన్నకోడలు, "ప్రతి మాటా ఒప్పుకున్నారు."