వాల్డెన్‌బ్రున్ ముట్టడి

మే నెలలో ఓ శనివారం పొద్దున్నే డాక్టర్ మల్లికార్జున్ ఖాకీ చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లోని తమ ఇంటి ముందు అద్దె మినీబస్సు పక్కన నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందు ఇచ్చి రిటైరైన మనిషి. చేతికి మైకు దొరికితే ఇప్పటికీ అదే పని చేస్తాడని మిత్రుల అభియోగం.

అక్కడి తెలుగు సీనియర్లంతా కలిసి ఏడాదికి రెండుసార్లు విహారయాత్రకి వెళ్తారు. కిందటి అక్టోబరులో యాపిల్ తోటకి తీసుకెళ్ళింది మల్లికార్జునే. వాళ్ళు వెళ్ళేసరికి కోతలు అయిపోయి, తోటవాళ్ళు నిచ్చెనలు కడుక్కుంటున్నారు. అందరూ నిచ్చెనల పక్కన ఫొటోలు దిగి ఇంటికొచ్చారు. ఈసారి కూడా అలాంటిదే జరిగితే ఇక యాత్రల పెత్తనమంతా రిటైర్డ్ సివిల్ ఇంజనీరు నరసింహకి ఇచ్చేయాలని అప్పుడే తేల్చేశారు. నరసింహ అప్పట్నుంచీ నయాగరా హోటళ్ళకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

అందుకే మల్లికార్జున్ ఈసారి గట్టిగా తయారయ్యాడు. వర్జీనియాలోనే, షెనాండోవా లోయలో, ఎప్పుడో జర్మన్లు వచ్చి కట్టుకున్న వాల్డెన్‌బ్రున్ అనే చిన్న పాత ఊరిని మ్యాప్‌లో కనిపెట్టాడు. ఆ ఊరి మీద ఇంగ్లీషులో ఒక పాత గైడు పుస్తకం ఆన్‌లైన్‌లో దొరికింది. ఒక్క ఫొటో లేదు, అన్నీ చీమల్లాంటి అక్షరాలు. నెల రోజులపాటు దాన్ని బట్టీ పట్టాడు.

బస్సు హైవే ఎక్కగానే మైకు అందుకున్నాడు. "ఫ్రెండ్స్, మనం చూడబోయే వాల్డెన్‌బ్రున్ కోటగోడ పదమూడో శతాబ్దంలో కట్టింది."

వెనక సీట్లోంచి నరసింహ చెయ్యెత్తాడు. "డాక్టర్‌గారూ, పదమూడో శతాబ్దంలో వర్జీనియాలో కోటగోడ కట్టిందెవరండీ?"

"జర్మన్లు."

"కొలంబస్ కంటే ముందా?"

మల్లికార్జున్ మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "జర్మన్లు ఏదైనా చాలా ముందుగా ప్లాన్ చేస్తారండీ," అన్నాడు.

జానకీదేవి లేచి పులిహోర పొట్లాలు పంచడం మొదలుపెట్టింది. భర్త ఇబ్బందుల్లో పడ్డప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి పంచుతుంది.

వాల్డెన్‌బ్రున్‌లో ఒకటే వీధి. చర్చి, దాని పక్కన బేకరీ, ఎదురుగా పశువుల దాణా కొట్టు, దాని వెనక ఆకాశంలోకి లేచిన గుండ్రటి గోపురం, పక్కనే ఒక చెరువు. కోటగోడ జాడ లేదు.

"గోడేదండీ?" అన్నాడు నరసింహ.

"రిపేర్లో ఉండి ఉంటుంది. గోపురం కనిపిస్తోంది కదా, అది చూద్దాం ముందు. తాళంచెవి బేకరీలో ఉంటుంది," అన్నాడు మల్లికార్జున్. పుస్తకంలో సరిగ్గా అలాగే ఉంది: గోపురం తాళంచెవి చర్చి పక్క రొట్టెల దుకాణంలో అడగవలెను.

బేకరీ నడిపే మార్తా అనే ఆవిడ కౌంటర్ వెనక నిలబడి ఉంది. మల్లికార్జున్ వంగి, వినయంగా, "తాళంచెవి ఇస్తారా? మేమంతా దీనికోసమే చాలా దూరం నుంచి వచ్చాం," అన్నాడు. మార్తా కిటికీలోంచి చూసింది. బస్సు దిగి ఒళ్ళు విరుచుకుంటున్న పెద్దవాళ్ళందరినీ చూసి జాలిపడింది. కొక్కేనికి వేలాడుతున్న పెద్ద చెక్కముక్కకి కట్టిన తాళంచెవి తీసి ఇస్తూ, "పాపం, తొందరగా వెళ్ళండి. పని కాగానే చేతులు కడుక్కోవడం మర్చిపోకండి," అంది.

"చూశారా, పురాతన కట్టడాలంటే ఎంత శుభ్రత పాటిస్తారో," అన్నాడు మల్లికార్జున్ బయటికొచ్చి.

అందరినీ గోపురం దగ్గరికి నడిపించి, దాని చిన్న ఇనపతలుపుకి ఆ తాళంచెవి పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. అది కుడికీ తిరగలేదు, ఎడమకీ తిరగలేదు. నరసింహ కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి తలుపుతో కుస్తీ పడుతుండగా దాణా కొట్టులోంచి ఒక భారీ మనిషి బయటికొచ్చాడు. కొట్టు ఓనర్ స్వెన్సన్.

"బేకరీ టాయిలెట్ తాళంచెవితో నా మొక్కజొన్న గాదె ఎందుకు తెరుస్తున్నారు?" అని అడిగాడు.

బృందం మొత్తం మల్లికార్జున్ వైపు తిరిగింది. ఇద్దరు ముగ్గురు ఆయన చేతిలోని తాళంచెవిని మృదువుగా లాక్కుని బేకరీ వైపు హడావిడిగా వెళ్ళిపోయారు. నరసింహ మొహంలో నయాగరా దూకుతోంది.

ఇక మిగిలింది పుస్తకంలోని అసలు కథ. మల్లికార్జున్ ఈల ఊది అందరినీ చెరువు గట్టున నిలబెట్టాడు. ఈల విని ఊళ్ళోవాళ్ళూ వచ్చారు. ముందు వరసలో హాఫ్‌మన్ అనే ముసలాయన నిలబడ్డాడు. ఊరికి ఒకప్పటి మంగలి. తరతరాలుగా వాళ్ళది ఆ ఊరే.

"నాలుగొందల ఏళ్ళ కిందట జరిగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో ఈ ఊరిని శత్రువులు చుట్టుముట్టారు," అని అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో మొదలుపెట్టాడు మల్లికార్జున్. "ఊళ్ళో ఫిరంగుల్లేవు, తిండి లేదు. అప్పుడు ఒక రొట్టెలావిడ ఉన్న పెద్దబాతులన్నిటి మెడలకీ గంటలు కట్టి, గోడ అవతల వదిలేసింది. ఆ గోలకి శత్రువులకి నిద్రల్లేవు. చివరికి సైన్యాధిపతి ఏడుస్తూ గుడారాలు పీకించాడు."

"మా ఊళ్ళోనా?" అన్నాడు హాఫ్‌మన్. ఒకడుగు ముందుకొచ్చాడు.

"మీ ఊళ్ళోనే. అదుగో, వాటి సంతతే." చెరువులోని పెద్దబాతులు సమయానికి అరిచాయి. జనం చప్పట్లు కొట్టారు. మార్తా ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. మల్లికార్జున్ ఛాతీ పొంగింది.

"ఇంతకీ ఆ శత్రువులెవరు?" అని అడిగాడు హాఫ్‌మన్.

"స్వీడన్ వాళ్ళు."

జనమంతా మెల్లగా స్వెన్సన్ వైపు తిరిగారు. ఊరు మొత్తానికి స్వీడన్ వంశస్థుడు అతనొక్కడే.

"నా వైపు చూస్తారేం? మా తాత వచ్చింది స్వీడన్ నుంచి కాదు, మిన్నెసోటా నుంచి!" అన్నాడు స్వెన్సన్.

"మధ్యలో మిన్నెసోటాలో దాక్కున్నారన్నమాట," అన్నాడు హాఫ్‌మన్. "అందుకేనా, మా అబ్బాయికి దాణా తూకంలో తగ్గించావు?"

"నీ దగ్గర నలభై ఏళ్ళు క్రాఫు చేయించుకున్నాను. ఒక్కసారైనా సమానంగా కత్తిరించావా? ఇప్పుడర్థమైంది ఎందుకో!"

ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ప్రాణస్నేహితులని మార్తా తర్వాత చెప్పింది. అప్పటికి మాత్రం ఒకళ్ళనొకళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. జానకీదేవి మధ్యలో దూరి చెరొక పులిహోర పొట్లం చేతిలో పెట్టింది. అది కూడా పనిచెయ్యలేదు. స్వెన్సన్ విసవిసా వెళ్ళి, ట్రాక్టరు తెచ్చి సరిగ్గా మినీబస్సుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మా వాళ్ళు ఏడ్చారన్న మాట వెనక్కి తీసుకునేదాకా ఈ బస్సు కదలదు," అన్నాడు.

"డాక్టర్‌గారూ, మనల్ని స్వీడన్ వాళ్ళు ముట్టడించారు," అన్నాడు నరసింహ. "ఏదీ, ఆ పుస్తకం ఒకసారి ఇటివ్వండి." తీసుకుని చివరి పేజీ తిప్పాడు. అక్కడ 'ఎలా చేరుకోవాలి' అని ఒక అధ్యాయం ఉంది. జీపీఎస్ ఉన్నవాడికి అదెందుకని మల్లికార్జున్ చదవకుండా వదిలేసింది. నరసింహ గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి, ఊరంతటికీ వినిపించేలా చదివాడు.

"వాల్డెన్‌బ్రున్ చేరడానికి ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి రైలు సౌకర్యం కలదు."

చెరువులో బాతులు కూడా ఊరుకున్నాయి. మల్లికార్జున్‌కి చెవులు వేడెక్కాయి. కాలేజీ రోజుల్లో వైవా పరీక్షలో నోరు పడిపోయిన రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడే. భార్య వైపు చూశాడు. జానకీదేవి దగ్గర పంచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ ఊరికే వచ్చి పక్కన నిలబడింది.

ఆయన టోపీ తీసి రెండడుగులు ముందుకేశాడు. "సారీ. తప్పంతా నాదే. నేను చదివింది జర్మనీలో ఇదే పేరున్న ఊరి గురించి. ఇక్కడ గోడ లేదు, ముట్టడి లేదు. మిస్టర్ స్వెన్సన్, మీవాళ్ళు ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. మీ స్నేహం పాడుచెయ్యకండి."

ఊరు ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాడు. హాఫ్‌మన్ మొహం వాడిపోయింది. "అంటే, బాతులు కూడా లేవా?" అన్నాడు.

స్వెన్సన్ పరిస్థితి ఇంకా అన్యాయం. ట్రాక్టరు మెట్టు మీద కూలబడ్డాడు. "మావాళ్ళు బంగాళాదుంపలు పండించడం తప్ప ఏమీ చెయ్యలేదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఇవాళ ఒక ఊరిని ముట్టడించారని తెలిసింది. ఆ గొప్ప కూడా ఒక్క పావుగంటే నిలిచింది," అన్నాడు. హాఫ్‌మన్ వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మార్తా ముందుకొచ్చింది. "ఒక్క నిమిషం. మా పెద్దవాళ్ళు ఓడెక్కి వచ్చింది ఎక్కణ్ణుంచి అనుకున్నారు? ఆ వాల్డెన్‌బ్రున్ నుంచేగా! ఊరి పేరు జాగ్రత్తగా తెచ్చుకున్నారు, కథ అక్కడే మర్చిపోయారు. డాక్టర్, ఆ రొట్టెలావిడ సంగతి ఇంకోసారి చెప్పండి. ఈసారి మెల్లగా."

మల్లికార్జున్ చెప్పాడు. సాయంత్రం దాకా చెప్పాడు. స్వెన్సన్ కోరిక మీద సైన్యాధిపతి ఏడవకుండా, గౌరవంగా వెనుదిరిగాడు. ట్రాక్టరు ఎప్పుడు పక్కకి జరిగిందో ఎవరూ గమనించలేదు.

మరుసటి మే నెలలో ఆ ఊళ్ళో బాతుల ముట్టడి పండగ మొదలైంది. వక్త డాక్టర్ మల్లికార్జున్. స్వీడన్ సైన్యాధిపతి స్వెన్సన్. హెర్న్‌డన్ సీనియర్లకి ముందు వరసలో కుర్చీలు వేశారు. నరసింహ మాత్రం కుర్చీ వద్దని పట్టుబట్టి స్వీడన్ సైన్యంలో చేరాడు. ఉపన్యాసం పూర్తికాకముందే పారిపోయే హక్కు ఆ సైన్యానికి ఒక్కదానికే ఉంది.