గంగామణి తెచ్చుకున్న ఒక రోజు నడుము

కాస్త దగ్గరికి జరగండి, ఇది అందరూ వినేలా చెప్పే మాట కాదు. గంగామణి పోయిన బుధవారం ఆరోగ్య పొదుపు ఆఫీసుకు వెళ్లి, పడుచుతనంలో దాచుకున్న నడుములోంచి ఒక రోజు నడుము తీసుకుంది. ఇందులో వింతేమీ లేదు. ఆ బీడీల వాడలో ఆడపిల్లలందరూ నెలకో రోజు ఆరోగ్యం అక్కడ జమ చేస్తారు. ముసలితనంలో నొప్పి ఓర్వలేని నాడు వేలిముద్ర వేసి తెచ్చుకుంటారు.

తెచ్చుకున్నది దేనికి వాడారో మాత్రం రాసివ్వాలి. జబ్బుకు వాడితే పన్ను లేదు. పనికి వాడినా లేదు. ఇంక దేనికి వాడినా, ఖాతాలో మిగిలిన రోజుల్లో సగం సర్కారు పట్టుకుని, పేరు గోడకు అంటిస్తుంది. నిరుడు ఒకామె పేరు పక్కన 'ఎగిరి ఆడుటకు' అని అంటిస్తే, ఆమె కొడుకు ఆ వీధిలో నడవడమే మానేశాడు. గంగామణికి మిగిలినవి నాలుగే రోజులు.

"దేనికి వాడినవ్ చిన్నమ్మా?" అన్నాడు గుమాస్తా రాజలింగం, ఆమె లెక్క రాయించడానికి మళ్లీ వచ్చినప్పుడు.

గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊకెనే కూసున్న."

"ఊకెనే అంటే?"

"గడప మీద. పొద్దుగూకేదాక. నొప్పి లేకుంట కూసుంటె ఎట్లుంటదో సూద్దామని."

రాజలింగం పుస్తకమంతా తిరగేశాడు. విరిగిన ఎముకకు, పురిటికి, పంటికి నంబర్లున్నాయి. కూర్చోవడానికి లేదు.

"సర్కారు నడుము దెచ్చి ఊకె కూసుంటరా ఎవలన్న?" అంది వెనక నిలబడ్డ వదిన లసుంబాయి. "నేనైతే రెండువేల బీడీలు జేసిన."

వరుసంతా నవ్వింది. నడుము తనదేనని గంగామణికి ఆ క్షణాన తోచలేదు. ఎక్కడైనా దాక్కుందామని మాత్రం తోచింది.

రాజలింగం గొంతు తగ్గించాడు. "నీదీ బీడీలకే అని రాస్త తియ్యి. వెయ్యి బీడీలు వారంల తెచ్చి సూపెట్టు."

ఆమె తలూపింది. ముద్ర పడింది.

మర్నాడు గంగామణి పాత నడుముతోనే చాట ముందేసుకుని, తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది. కాసేపటికి లసుంబాయి కూడా తన చాట పట్టుకొచ్చి పక్కన కూలబడింది.

"రెండువేలు జేసిన అంటివి గద వదినా?"

"జేస్తున్న గద," అంది లసుంబాయి, తలెత్తకుండా. "నువ్వు ఒక్క దినం కూసున్నవ్. నేను రెండు దినాలు పండుకున్న."

గంగామణి తన చాట కాస్త జరిపి ఆమెకు చోటిచ్చింది.

దీన్ని గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండి. ఆ రోజు గంగామణి ఏం చేసిందని ఎవరైనా అడిగితే మాత్రం, బీడీలు చేసిందనే చెప్పండి.