ఎలీసమ్మ టీచరుకు కావలసిన చలానా

ఆ గురువారం ఉదయం ఎలీసమ్మ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, బండి తీయాలి, బైపాసు మీద పోలీసులకు దొరకాలి, వంట వేళకు ఇంటికి రావాలి.

దొరకడమంటే దొంగతనం చేసి కాదు, అతివేగంగా బండి నడిపి. వినుకొండ బైపాసు మీద నాలుగు రోజులుగా పోలీసులు స్పీడు గన్ను పెట్టుకుని కాపు కాస్తున్నారు. ఎనభై దాటిన మోటారుసైకిలుకు చలానా తప్పదు. ఊళ్ళో మగవాళ్ళంతా ఆ రోడ్డు తప్పించుకుని డొంకదారుల్లో తిరుగుతుంటే, ఎలీసమ్మ ఒక్కతే ఆ రోడ్డు కోసం రెండు రోజులుగా కలలు కంటోంది. ఆమె నల్ల బండికి స్పీడోమీటరు ముల్లు ఎప్పుడో పడిపోయింది. ఎంత వేగంతో వెళ్ళినా సాక్ష్యం లేదు. సర్కారు మిషను చెబితే మాత్రం ఎవరు కాదంటారు?

ఇదంతా ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చిన సినిమాతో మొదలైంది. ఎక్కడో చలిదేశంలో ఒక ముసలి పోస్టుమాను పాత మోటారుసైకిలును తనే విప్పి, తనే బిగించి, ఎండిపోయిన సరస్సు మీద ప్రపంచ రికార్డు కొట్టడానికి బయల్దేరతాడు. అందరూ నవ్వుతారు. చివరికి కొడతాడు. పక్క కుర్చీలో కునుకు తీస్తున్న భర్త ఏసోబు కళ్ళు తెరిచేసరికి ఎలీసమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎవరు పోయారు?" అన్నాడు ఏసోబు కంగారుగా.

"ఎవరూ పోలేదు. ఒకాయన గెలిచాడు."

మర్నాడే ఏసోబు చల్లగా ఒక మాట చెప్పాడు. మిర్చి కోల్డు స్టోరేజీలో సూపర్వైజరు కాబట్టి ఏ మాటైనా చల్లగానే చెబుతాడు. నల్ల బండిని పాత ఇనుము కొనే పీరుకు మాట ఇచ్చేశాడట. శుక్రవారం వచ్చి పట్టుకుపోతాడట.

"దానికి వయసైపోయింది ఎలీసా. ఎనభై కాదు, నలభై కూడా పోదిక. మూల కూర్చోబెట్టి తుడుచుకుంటూ ఉండటానికి తప్ప ఎందుకు పనికొస్తుంది చెప్పు?"

ఆయన అన్నది బండి గురించే. కానీ జూన్‌లోనే హైస్కూలు పీఈటీ ఉద్యోగం నుంచి రిటైరై, అప్పటినుంచి మూల కూర్చుని అన్నీ తుడుచుకుంటూ ఉన్న ఎలీసమ్మకు ఆ మాట బండి దగ్గర ఆగలేదు. సొంత జీతంతో కొనుక్కున్న బండి అది. నల్లరేగడి బురదలో కూరుకుపోయినా ఇంటికి చేర్చిన బండి. కబడ్డీ ఆడే ఆడపిల్లల్ని వెనక ఎక్కించుకుని ఒంగోలు దాకా పోటీలకు తీసుకెళ్ళిన బండి. ఆమె లేచింది. పెట్టెలోంచి నీలం ట్రాక్‌సూటు తీసి ఇస్త్రీ చేసింది.

గురువారం ఆ ట్రాక్‌సూటు తొడిగి, హెల్మెటు బిగించి, గేటు దగ్గర కిక్కు కొడుతుంటే పక్కింటి శ్రీరమ్య గోడ మీదుగా తొంగిచూసింది.

"పొద్దున్నే ఎక్కడికి టీచరుగారూ?"

"పోలీసుల దగ్గరికి. ఇవాళతో తేల్చేస్తా."

శ్రీరమ్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయ్యో! అంకుల్‌కి తెలుసా అండీ?"

"కాగితం ఇంటికొస్తే ఆయనకే తెలుస్తుందిలే!" అని ఎలీసమ్మ గేరు వేసింది.

ఏసోబు స్నానం చేసి తువ్వాలుతో బయటికి వచ్చేసరికి శ్రీరమ్య గేటులోనే నిలబడి ఉంది.

"అంకుల్, మీరు ఆంటీని ఏమన్నారండీ? ఇవాళతో తేల్చేస్తానని పోలీసుల దగ్గరికెళ్ళారు. మీకు కాగితం వస్తుందంట!"

"ఏం కాగితం?"

"భార్య పోలీసుల దగ్గరికెళ్తే భర్తకు ఏం కాగితం వస్తుందండీ? మీకు నేను చెప్పాలా?"

ఏసోబు గోడ పట్టుకున్నాడు. పెళ్ళయినప్పటినుంచీ భార్యను గట్టిగా ఒక మాట అనలేదు. మొన్న అన్నది కూడా బండినే. 'బండి!' అని అప్పుడు తట్టింది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, శ్రీరమ్య కొత్త స్కూటరు తాళాలు అడిగి తీసుకుని, తిన్నగా పీరు కొట్టుకు పోయాడు.

"ఒరేయ్ పీరూ, బండి బేరం రద్దు! ఎలీసా పోలీసుల దగ్గరికెళ్ళింది!"

పీరు చేతిలోని సుత్తి కింద పడేశాడు. పాత ఇనుము వ్యాపారికి 'పోలీసులు' అన్న మాట ఒక్కటి వినిపిస్తే చాలు, మిగతాది తనే అల్లుకుంటాడు. "ఆ బండి దొంగ బండి అని చెబుతుందా ఏంటి? నేనింకా ముట్టుకోనైనా లేదు కదయ్యా! పద, టీచరమ్మ కాళ్ళు పట్టుకుంటా!" అంటూ సరుకుల ఆటో ఎక్కాడు.

స్కూటరు ముందు, ఆటో వెనక, బైపాసు పక్క సర్వీసు రోడ్డు మీదుగా పోలీసు స్టేషను వైపు. వంతెన దగ్గర మిరపకాయ కోతకు పోతున్న ఆడకూలీల ట్రాలీ ఆటో ఎదురైంది. అందులో సగం మంది ఎలీసమ్మ దగ్గర ఆడుకున్న పిల్లలే. ఇప్పుడు పిల్లల తల్లులు.

"ఏంది సార్, అట్టా పోతున్నారు?"

"మీ టీచరు..." అని ఏసోబు ఆగకుండానే ముందుకు చెయ్యి చూపించి సాగిపోయాడు. ఆ తొందర చూశాక ఇంకేం వినక్కర్లేదనుకున్నారు వాళ్ళు. "టీచరమ్మకేదో అయిందంటే! తిప్పరా ఆటో!" అని డ్రైవరు వీపు మీద చరిచారు. మిరపచేలు అలా ఉండిపోయాయి.

అటు, బంకులో క్యూ కట్టి పెట్రోలు పోయించుకుని అప్పుడే బైపాసు ఎక్కిన ఎలీసమ్మ గాలిని చీల్చుకుంటూ పోతోంది. అటూ ఇటూ విచ్చిన పత్తి తెల్లగా పరుగెడుతోంది. బండి మొదట దగ్గింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత వయసులో ఉన్నప్పటి పాట అందుకుంది. దూరంగా పోలీసు జీపు కనిపించింది. 'ఇంకొక్క పిసరు తల్లీ' అనుకుని ఎలీసమ్మ ట్యాంకు మీదికి వంగింది.

అప్పుడు అద్దంలోకి చూసింది. పక్కన సర్వీసు రోడ్డు మీద స్కూటరు, దాని వెనక పీరు ఆటో! 'శుక్రవారం దాకా ఆగలేక బండిని రోడ్డు మీదే లాక్కుపోవడానికి వస్తున్నారా?' అనుకుంది. ఒళ్ళు మండింది. యాక్సిలరేటరు చివరిదాకా తిప్పింది.

ఆమె వేగం పెంచడం చూసి వాళ్ళూ పెంచారు. సర్వీసు రోడ్డు మీద సగం మేర రైతులు మిరపకాయలు ఆరబోశారు. ఏసోబు తప్పించాడు గానీ, అవతల వైపు వెళ్ళే లారీ గాలికి ఎర్రటి దుమ్ము లేచి ఆయన ముఖాన కొట్టింది. జీవితమంతా మిరపకాయల మధ్యే బతికినా ఏసోబుకు వాటి ఘాటు పడదు. అందుకే చల్లటి గిడ్డంగిలో ఉద్యోగం వెతుక్కున్నాడు. మొదటి తుమ్ము వచ్చింది. తుమ్ముతో పాటు కుడిచెయ్యి మెలితిరిగింది. నలభై దాటి ఎరగని మనిషి యాభైలో పడ్డాడు. రెండో తుమ్ముకు డెబ్బై. మూడో తుమ్ముకు స్కూటరు సర్వీసు రోడ్డు వదిలి బైపాసు ఎక్కింది.

"ఎలీ... హాఛ్! ఎలీసా... హాఛ్!"

గాలిలో ఆ కేక ఎలీసమ్మ చెవిన పడింది. అద్దంలో చూస్తే ఏసోబు ముఖం మిరపపండులా ఉంది, కళ్ళు మూసుకుపోతున్నాయి, గుండె మీద ఒక చెయ్యి. 'ఈయనకేమన్నా అవుతోందా?' రికార్డు, పోస్టుమాను, ప్రపంచం అన్నీ మరిచి, సరిగ్గా జీపుకు కాస్త ఇవతల యాక్సిలరేటరు వదిలేసింది. ఆమె పక్కనుంచి ఏసోబు దేవుణ్ణి తలుచుకుంటూ దూసుకుపోయాడు.

పోలీసులు అందరినీ ఆపారు. ఏసోబు చెట్టుకు ఆనుకుని మరో నాలుగు తుమ్మాడు. ఆయన చేసిన నేరమంతా తుమ్మేనని తెలిశాక ఎలీసమ్మకు ప్రాణం కుదుటపడింది, వెంటనే కోపం వచ్చింది.

"నాదెంత వచ్చింది?" అని ఎస్సైని అడిగింది.

"డెబ్బై ఒకటి మేడమ్. మీరు భయపడక్కర్లేదు. ఈ పెద్దాయనదే తొంభై రెండు. ఫొటో పడింది, చలానా వెళ్ళిపోయింది."

ఎస్సై జీపులోంచి ఒక గులాబీ పువ్వు తీశాడు. రోడ్డు భద్రతా వారోత్సవాలట. నిదానంగా నడిపిన వాళ్ళకు పువ్వులిచ్చి సన్మానించమని పైనుంచి ఆదేశమట. అప్పటికే ట్రాలీ ఆటో దిగిన ఆడకూలీలు, చేతులు జోడించుకుని వచ్చిన పీరు, అందరి ముందూ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూడండి! ఈ వయసులో ఈ అమ్మగారు ఎంత పద్ధతిగా, మెల్లగా..."

"ఎవరయ్యా మెల్లగా?" అంది ఎలీసమ్మ. స్కూలు గ్రౌండు ఆ చివరనుంచి ఈ చివరకు వినిపించే గొంతు అది. "నేను చలానా కోసం వచ్చా. పువ్వు కోసం రాలేదు. ముందు ఆ పువ్వు లోపల పెట్టు!"

"టీచరమ్మా, నేను దొంగ బండి..." అని పీరు మొదలెట్టాడు.

"నువ్వాగు! ఇంకోసారి దీన్ని తూకం వేస్తానంటే ముందు నిన్ను వేయిస్తా తూకం!"

ఏసోబు ముక్కు తుడుచుకున్నాడు. పోలీసుల దగ్గరికి రావడం, కాగితం, తేల్చుకోవడం, అన్నీ ఆయనకు ఇప్పుడు మెల్లగా అతుక్కున్నాయి. "అంటే... నువ్వు నా మీద కేసు పెట్టడానికి రాలేదా?"

"ఇది ఎనభై దాటుతుందని రుజువు చేయడానికొచ్చా. మీకోసం ఆపాను. లేకపోతే దాటేదే."

ఏసోబు చొక్కా చివరతో నల్ల బండి సీటు మీది దుమ్ము తుడిచాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. "అయితే మళ్ళీ వెళ్ళు. ఈసారి నేను చచ్చినా ఆగకు."

"సార్, మీరేం మాట్లాడుతున్నారు? పోలీసుల ముందు..." అని ఎస్సై అడ్డుపడేలోపు ఆడకూలీలు ఈలలు వేశారు. ఆయన ఆపండి అన్నాడు. ఆయన మాట వినేవాళ్ళు అక్కడెవరూ లేరు. నల్ల బండి అప్పటికే వెనక్కి తిరిగి చుక్కంత అయింది.

తిరిగి వచ్చేటప్పుడు చుక్క పెరిగింది, పురుగయింది, నీలం ట్రాక్‌సూటయింది. జీపు ముందునుంచి పోయినప్పుడు ఎస్సై టోపీ కదిలింది. మిషను పట్టుకున్న కానిస్టేబులు అంకె చూసి తెలియకుండానే గట్టిగా అరిచాడు: "ఎనభై నాలుగు సార్!"

అరుపులు, ఈలలు, చప్పట్లు. పీరు కూడా ఎందుకో తెలియకుండా గంతులు వేశాడు. ఎలీసమ్మ బండి ఆపి, హెల్మెటు తీసి, చెమట ముఖంతో చెయ్యి చాచింది. "ఏదీ, నా చలానా?"

అప్పుడు ఏసోబు ఫోను మోగింది. శ్రీరమ్య.

"అంకుల్! నేను వంటింట్లో ఉంటే నేను తొంభై రెండులో పోయానని చలానా వచ్చిందేంటండీ?"

ఆమెకు నచ్చజెప్పి పెట్టేస్తుంటే ఫోను మళ్ళీ కిర్రుమంది. ఈసారి మెసేజి. ఏసోబు చదివి, ఫోను ఎలీసమ్మకు అందించాడు. నల్ల బండి కొన్న రోజుల్లో ఆడమనిషి పేరున బండేంటని షాపువాడు నవ్వి, రిజిస్ట్రేషను ఆయన పేరున రాయించాడు. ఎనభై నాలుగు కిలోమీటర్ల వేగంతో వాహనం నడిపినందుకు గోచిపాతల ఏసోబుకు చలానా.

ఎలీసమ్మ ఆ మెసేజి రెండుసార్లు చదివింది. "తోలింది నేను. పేరు మీదా?"

"నేనేం చేయను ఎలీసా? వాళ్ళ మిషనుకు బండి నంబరే తెలుసు, నువ్వెవరో..."

"తెలిసేలా చేద్దాం. ఎక్కండి వెనక."

ఏసోబు ఎక్కాడు. బండి ఇంటివైపు కాకుండా రవాణా ఆఫీసు వైపు తిరిగింది. స్కూటరును పీరు ఆటోలో ఎక్కించుకున్నాడు. ఆడకూలీల ట్రాలీ, ఆ రోజు కూలి పోతే పోయిందని, వెనకాలే నడిచింది.

ఆఫీసులో గుమస్తా బండి నంబరు కొట్టి, కళ్ళజోడు పైకి నెట్టాడు. "పేరు మార్చాలంటే ముందు ఇది తేలాలండీ. ఈ బండి మీద పొద్దున్నే అతివేగం కేసుంది. నడిపిందెవరు?"

"నేనే!" అంది ఎలీసమ్మ, ఆఫీసంతా వినపడేలా.

ఆ కౌంటరు ముందు నేరం ఒప్పుకోవడానికి అంత తొందరపడిన మనిషిని గుమస్తా తన సర్వీసులో చూడలేదు.