కొర్నేలి గారి వెనక నడక

శనివారం పొద్దున ఏడున్నరకి సెక్టారు చర్చి దగ్గర బయల్దేరాలి, ఎనిమిదిన్నరకల్లా నెహ్రూ నగర్ హాల్లో ముఖ్య అతిథితో కలిసి ఇడ్లీ తినాలి. ప్లాను ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని కార్యదర్శి అప్పలసూరి ధీమా.

ఆ నడక అల్జీమర్స్ జబ్బున్న పెద్దవాళ్ల కోసం. క్యాంప్ 1 బస్తీలో ఒక అద్దె గది తీసుకుని, పది నుంచి ఒంటిగంట దాకా ఒక నర్సుని పెట్టి, ఆరుగురిని చూసుకుంటున్నారు. విరాళాలు రాకపోతే నెలాఖరుకి ఆ గది మూసెయ్యాలి. ఈ సంగతి విమలకుమారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఆరుగురిలో ఆమె భర్త కొర్నేలి ఒకరు. ముప్ఫై నాలుగేళ్లు ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో చేసి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి, ఇప్పుడు వేళాపాళా లేకుండా చొక్కా తొడుక్కుని తలుపు తీస్తున్నారు. గది తెరిచి ఉండే ఆ మూడు గంటలే ఆమెకి నిద్ర.

రిటైరైన వాళ్లంతా పాత ప్లాంటు హెల్మెట్లు పెట్టుకు రావాలన్నది అప్పలసూరి ఆలోచన. "లారీవోలికి దూరంనించే అవుపిస్తాం గదా!" అన్నాడు. ఏడున్నరకి చర్చి ఆవరణలో నలభై హెల్మెట్లు పోగయ్యాయి.

ముందు నడిపించాల్సిన మార్టిన్ బ్యానరు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. మతిమరుపు జబ్బు మీద రాయించిన బ్యానరే మరిచిపోయానంటే జనం ఏడిపించేస్తారని ఎవరికీ చెప్పకుండా స్కూటరెక్కాడు. వెళ్తూ వెళ్తూ కొర్నేలి చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, నేనొచ్చీదాకా నువ్వే ముందు నిలబడు. అందరూ నీ యెనకే ఉంటారు" అన్నాడు.

కొర్నేలి వెనక్కి తిరిగి చూశారు. నలభై హెల్మెట్లు. తన తల మీద కూడా ఒకటి. అలాంటి పొద్దున ఎక్కడికి వెళ్లాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. "చలో!" అని నడక మొదలుపెట్టారు. నలభై మందీ కదిలారు.

చౌక్ దగ్గర నెహ్రూ నగర్ రోడ్డు వదిలేసి ఊరేగింపు ప్లాంటు రోడ్డు పట్టింది.

"ఇటేటి? అటు గదా ఎల్లాల?" అని ఒకాయన అప్పలసూరిని అడిగాడు. అప్పలసూరి గతుక్కుమన్నాడు. తనకి చెప్పకుండా మార్టిన్ రూటు మార్చేశాడు! కార్యదర్శికే తెలియదని ఎలా ఒప్పుకుంటాడు? "ఆకర్లో మార్చేం. కమిటీ నిర్ణయం" అన్నాడు గంభీరంగా. ఆ మాట వెనక వరసలకి చేరేసరికి కలెక్టరు గారి ఆర్డరైపోయింది.

ఇంతలో యూనియన్ మనిషి మనోజ్‌కుమార్ సైకిల్ మీద ఎదురొచ్చాడు. ఇన్ని హెల్మెట్లు ప్లాంటు గేటు వైపు నడుస్తుంటే ఆయన ఊరుకుంటాడా?

"క్యా హువా, దాదా?"

"క్యాంప్ ఒన్‌లో రూము మూసీస్తన్నారు, భయ్యా" అన్నాడు వరసలో ఒకాయన.

క్వార్టర్లు ఖాళీ చేయిస్తున్నారనుకుని మనోజ్‌కుమార్ రక్తం మరిగిపోయింది. సైకిల్ పక్కన పడేసి, "తానాషాహీ!" అని అరిచాడు. "నహీ చలేగీ!" అంది పాత అలవాటు. చెల్లదన్నది ఎవరి నిరంకుశత్వమో నలభై మందిలో ఒక్కడికీ తెలియదు. టీకొట్టువాడు షట్టరు దించేశాడు.

విరాళాల డబ్బాలతో అందరికంటే వెనక నడుస్తున్న విమలకుమారికి అనుమానం వచ్చి, పక్కనున్న లిల్లీని అడిగింది.

"లిల్లీ, మా ఆయన ఎవరి దగ్గరున్నారు?"

"మార్టిన్ అన్నయ్య దగ్గర, అక్కా."

"మార్టిన్ ఎక్కడ?"

"ముందే ఉంటాడు గదా!"

డబ్బాలు లిల్లీ చేతిలో పెట్టి ఆమె పరిగెత్తింది. ఇంత మందిలో మనిషి తప్పిపోతే ఎక్కడని వెతకాలి? ముందుకి చేరి చూస్తే మార్టిన్ లేడు, బ్యానరు లేదు. గేటుకి ఎదురుగా కొర్నేలి ఒక్కరే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

కాపలావాళ్లు గేటు మూసేశారు. ఘెరావో అని కబురందుకున్న ఆఫీసరు మురళీధర్ ఉత్త తలతో పరిగెత్తుకొచ్చాడు.

"ఆప్‌కీ మాంగ్ క్యా హై?"

అప్పలసూరి మనోజ్‌కుమార్ వైపు చూశాడు. మనోజ్‌కుమార్ అప్పలసూరి వైపు చూశాడు.

"మాంగూ లేదు, డిమాండూ లేదు, ఏటీ లేదు, బాబూ" అంది విమలకుమారి రొప్పుతూ. "ఈయన్ని చూసుకునే గది మూసీస్తారట. ఆ మూడు గంటలూ కూడా లేకపోతే నా వల్ల కాదు." అందరి ముందూ ఏడ్చేసింది. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా అనని మాట అది.

మురళీధర్ నోరు తెరవబోయాడు. అంతకంటే ముందు కొర్నేలి ఒక అడుగు ముందుకి వేశారు.

"టోకెన్ నాలుగువేల నూట డెబ్బై రెండు! హెల్మెట్ ఏదిరా, మురళీ?"

ఇరవై ఏళ్ల క్రితం ఆ టోకెన్ నంబరుతో ఆయన దగ్గర ట్రైనీగా పని నేర్చుకున్న మురళీధర్ ఠక్కున నిటారుగా అయిపోయాడు. "సారీ, సార్!" అని కాపలావాడి హెల్మెట్ లాక్కుని పెట్టుకున్నాడు. కొర్నేలి తృప్తిగా తల ఊపి, భార్య వైపు తిరిగి మర్యాదగా అడిగారు.

"మీరెవరమ్మా? హెల్మెట్ లేకుండా ఇక్కడ నిలబడకూడదు."

విమలకుమారి ఏ గది కోసం ఏడ్చిందో మురళీధర్‌కి అప్పుడు అర్థమైంది. హెల్మెట్ తీసి వెల్లకిలా తిప్పి, జేబులో ఉన్నదంతా అందులో వేసి, జనరల్ షిఫ్టుకి వస్తున్న వాళ్లకి ఎదురెళ్లి పట్టాడు. మనోజ్‌కుమార్ ఇంకో హెల్మెట్ పట్టాడు. ఆ పూట గేటు దాటిన వాళ్లెవరూ ఏదో ఒకటి వెయ్యకుండా దాటలేదు. గదికి ఏడాది దాకా దిగులు లేదని తేలేసరికి విమలకుమారి అక్కడే కాపలావాళ్ల బెంచీ మీద కూలబడి కళ్లు మూసుకుంది. కొర్నేలి తన హెల్మెట్ తీసి ఆ కొత్తావిడ తల మీద పెట్టారు.

సాయంత్రం కమిటీ కూర్చుని, వచ్చే ఏడాది కూడా దారి చూపించేది కొర్నేలి గారేనని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం మీద సంతకానికి మార్టిన్ కోసం వెతికినప్పుడు గానీ, నెహ్రూ నగర్ హాల్లో బ్యానరు పట్టుకుని అతనూ, ఇడ్లీల ముందు ముఖ్య అతిథీ ఇంకా ఎదురుచూస్తున్నారని ఎవరికీ తట్టలేదు.