తిమ్మిరి చేప తీర్పు

గృహస్థుడు ధాన్యం పోగొట్టుకోవచ్చును, దావా పోగొట్టుకోవచ్చును, కడకు నెత్తిమీది జుట్టునైనా పోగొట్టుకోవచ్చును. పొడుం డబ్బీని మాత్రం పోగొట్టుకోరాదు. ధవళేశ్వరంలో ఆనకట్ట లేస్తున్న ఆ రోజుల్లో, ముక్తేశ్వరం మోతుబరి కేశవరావుగారు ఒక ఉదయం ఒక్క పట్టు పీల్చి పొలానికి బయలుదేరుదామని తలగడ కింద చెయ్యి పెట్టగా, ఆ వెండి డబ్బీ అక్కడ లేదు.

ఆయన అనుమానం ఆట్టే దూరం నడవలేదు. అరుగు దాకా వెళ్లి ఆగింది. అక్కడ బావమరిది ఆదినారాయణ చుట్ట కాలుస్తున్నాడు. చూసిపోదామని నాట్లప్పుడు వచ్చిన ఆ పెద్దమనిషి, కోతలైనా కదలలేదు.

"నీ తమ్ముడే తీసేడు," అన్నారు భార్యతో.

వీరలక్ష్మికి రెండు రోజులుగా పడిశం. "వాడికి పొడుం అలవాటే లేదు కదండీ," అంది ముక్కుతో.

"అలవాటు లేనివాడు తీస్తేనే అది అసలైన దొంగతనం."

"అయితే రుజువు చెయ్యండి, నేనే వాణ్ణి పొమ్మంటాను. చెయ్యలేకపోతే మాత్రం మళ్లీ వాడి ఊసెత్తకూడదు."

ఆ సమయానికే, సముద్రపు చేపలు తెచ్చే గంగయ్య వాకిట్లో కుండ దించాడు. "దీన్ని ముట్టుకోకండి బాబుగారండీ. తిమ్మిరి చేపండి. ముడితే చెయ్యి కొయ్యయిపోద్దండి. మా ముసలోళ్లు కాళ్లనొప్పులకి దీనిమీద పాదం ఆనిస్తారండి, ఆయ్."

కేశవరావుగారు వేలితో ముట్టారు. వేలికొసన పుట్టిన పిడుగు భుజం దాకా పాకి, అక్కడ కాసేపు విశ్రమించింది. నొప్పి కన్నా ఆయనకు ఆనందమే ఎక్కువ కలిగింది. మనిషి నరాన్ని ఒక్క స్పర్శతో ఉలిక్కిపడేటట్టు చేసి, మరుక్షణమే జోకొట్టే ఈ మహావిద్య చేతిలో ఉండగా రుజువుకేం లోటు? చేపను కొని, కుండలోని నీచు కంపు కొట్టే సముద్రజలాన్ని పారబోయించి, గంగాళం నిండా తియ్యటి నూతినీళ్లు తోడించి, అందులో దానిని ప్రతిష్ఠించి, పైన పసుపుగుడ్డ కప్పారు.

మధ్యాహ్నానికి ఇరుగుపొరుగులు పోగయ్యారు.

"ఇందులో దేవుడున్నాడు," అని ప్రకటించారు కేశవరావుగారు. "దొంగ చెయ్యి పెడితే తిమ్మిరెక్కి పడిపోతుంది. పడినవాళ్లు ఈ పూటే గడప దాటాలి. ఎవరైనా సరే!"

ఆ చివరిమాట కేవలం గాంభీర్యం కోసం.

"ఎవరైనానా?" అంది వీరలక్ష్మి. ఈసారి గొంతు గంటలా పలికింది.

"ఎవరైనా! ముందు ఆదినారాయణ." ఆ తరువాత ఇంకెవరి అవసరమూ ఉండదని ఆయన ధీమా.

ఆదినారాయణ గుడ్డ కిందికి చెయ్యి దూర్చాడు.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉందండి బావగారూ."

"ఇంకా లోపలికి పెట్టవయ్యా!"

"మెత్తగా ఏదో తగుల్తోందండి. పైకి తియ్యమంటారా?"

అదే చేత్తో చుట్ట వెలిగించుకున్నాడు. వీడు చేతికేదో పసరు రాసుకున్నాడని కేశవరావుగారికి అనుమానం. రాసినవాడు వెనక నిలబడి నవ్వుతున్న పాలేరు వెంకటస్వామి అని మరో అనుమానం. వాణ్ణీ పెట్టమన్నారు.

"పెట్టేనండి అయ్యగారండీ. ఏం లేదండి."

వీరలక్ష్మి మోచేతి దాకా ముంచి, కలియతిప్పి, తాపీగా పైటచెంగుతో తుడుచుకుంది. చేప కూడా అత్తవారి పక్షం చేరిందేమోనని కేశవరావుగారి అనుమానం పరాకాష్ఠకు చేరింది.

"ఇక మీరు," అందామె.

"నేనెందుకు? డబ్బీ నాదే!"

"ఎవరైనా సరే అన్నారుగా."

కేశవరావుగారికి అప్పుడు అసలు సంగతి తోచింది. ముగ్గురి మీదా ఖర్చు చెయ్యని శక్తినంతా ఆ చేప తన కోసమే దాచి ఉంచింది! ఉదయపు పిడుగును భుజం ఇంకా మరిచిపోలేదు. కళ్లు మూసుకుని వేలు దించారు. వేలు నీటిని తాకిందో లేదో, "చచ్చేన్రోయ్!" అని కేకపెట్టి, తులసికోట మీదికి వెల్లకిలా పడ్డారు. కుడిచెయ్యి నిజంగానే కొయ్యబారిపోయింది.

"తన డబ్బీ తనే దొంగిలించుకున్నారా? ఎందుకూ?" అంది పొరుగింటి మంగాయమ్మ.

"మా తమ్ముణ్ణి గెంటెయ్యడానికి," అంది వీరలక్ష్మి.

పడినవాళ్లు ఈ పూటే గడప దాటాలన్న తీర్పు ఆయన మీదనే అమలయింది. వెంకటస్వామి ఎంతో మర్యాదగా పశువులసావిట్లో చాప పరిచి, పక్కనే గంగాళం కూడా దించి వెళ్లాడు. ఆదినారాయణ విస్తరి తెచ్చిపెట్టాడు. "మీరేం బెంగపెట్టుకోకండి బావగారూ. ఇల్లు నేను చూసుకుంటాను."

ఒంటరిగా మిగిలాక కేశవరావుగారు ఎడమచేత్తో పసుపుగుడ్డ తొలగించారు. తియ్యటి నూతినీళ్లలో ఆ సముద్రజీవి వెల్లకిలా తేలి, బిగుసుకుపోయి ఉంది. ప్రాణం పోయి చాలాసేపయింది.

తీర్పు చెల్లదని అరవడానికి ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చారు. అంతలో వంటింట్లోంచి ఒక తుమ్ము, వెంటనే ఇంకొకటి, ఆపైన చిన్న వెండి మూత టప్పున పడిన చప్పుడు వినిపించాయి.

వీరలక్ష్మి పడిశం పూర్తిగా తగ్గింది.